‘సైనికులను ఇంటికి తెస్తాం’ అనే మాటకు విలువ ఎంత? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అఫ్ఘనిస్తాన్ నుంచి అమెరికా సేనలు వెళ్లిపోయిన తీరు మీద గత సంచికలో వచ్చిన వ్యాసానికి తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు అందాయి. పరాయి గడ్డ మీద పోరాడుతున్న సైన్యాన్ని వెనక్కి రప్పిస్తామని ఎన్నికల ముందు నాయకులు ఇచ్చే మాటను ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే వాటిలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న. ఒకే భావం ఉన్న ఉత్తరాలను కలిపి, ఆరు ప్రశ్నలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరినందువల్ల అందరికీ ఊరి పేరు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: అమెరికాలో ప్రతి ఎన్నికలోనూ ఎవరో ఒకరు యుద్ధం ముగించి సైనికులను ఇంటికి తెస్తామంటారు. గెలిచాక అదే మనిషి మరికొందరిని పంపుతాడు. ఇది అబద్ధమా, చేతకానితనమా? మాట నిలబెట్టుకున్నవాళ్లు ఉన్నారా?
– రాజనీతి శాస్త్ర విద్యార్థిని, తిరుపతి

జవాబు: అబద్ధమూ ఉంది, చేతకానితనమూ ఉంది. అయితే అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. 1916లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచాడన్న నినాదంతో గెలిచాడు. 1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. 1940 అక్టోబరులో బోస్టన్ సభలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, మీ పిల్లలను ఏ విదేశీ యుద్ధానికీ పంపబోమని తల్లిదండ్రులకు మాట ఇచ్చాడు. ఏడాది తిరిగిన కొద్ది వారాలకే జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. దాడి జరిగాక ఆ మాటకు కట్టుబడి ఉండాలని ఎవరూ కోరలేరు. లిండన్ జాన్సన్ సంగతి వేరు. 1964 అక్టోబరులో ఒహాయో రాష్ట్రంలో మాట్లాడుతూ, ఆసియా యువకులు తమ కోసం తాము చేసుకోవలసిన పనికి అమెరికా యువకులను వేల మైళ్ల దూరం పంపబోమని ఆయన చెప్పాడు. అప్పటికి రెండు నెలల ముందే, వియత్నాం పక్కనున్న టాంకిన్ సింధుశాఖ పేరిట చేసిన తీర్మానం ద్వారా యుద్ధం చేసే అధికారాన్ని కాంగ్రెస్ నుంచి తీసుకుని చేతిలో పెట్టుకున్నాడు. 1965 మార్చి 8న మెరైన్ దళాలు వియత్నాంలోని దనాంగ్ తీరంలో దిగాయి. 1969 వసంతకాలం నాటికి వియత్నాంలో అమెరికన్ సైనికుల సంఖ్య 5,43,000కు చేరింది.

మాట నిలబెట్టుకున్నవారిలో ఐసెన్‌హోవర్‌ను ముందు చెప్పాలి. 1952లో ఆయన చేసిన వాగ్దానం చాలా చిన్నది: నేను కొరియాకు వెళ్తాను అన్నాడు, అంతే. తేదీ చెప్పలేదు, విజయం చెప్పలేదు. గెలిచిన నెలలోపే వెళ్లాడు. 1953 జూలై 27న యుద్ధ విరమణ ఒప్పందం కుదిరింది. కాల్పులు ఆగాయి గాని సైన్యం అక్కడే ఉండిపోయింది. డెబ్బై ఏళ్లు దాటాక కూడా దక్షిణ కొరియాలో సుమారు 28,500 మంది అమెరికన్ సైనికులు ఉన్నారు. యుద్ధాన్ని ఆపడం, సైన్యాన్ని వెనక్కి తేవడం రెండు వేర్వేరు పనులని ఈ ఒక్క ఉదాహరణలోనే తెలుస్తుంది.

నిక్సన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన నిజంగానే సైన్యాన్ని వెనక్కి తెచ్చాడు. 1969 జూన్‌లో మొదటి విడతగా 25,000 మందిని పిలుస్తున్నట్టు ప్రకటించాడు. ఆ తరువాత విడతలు విడతలుగా తగ్గిస్తూ 1973 మార్చి 29 నాటికి చివరి పోరాట దళాన్ని కూడా రప్పించాడు. లెక్క చూస్తే వాగ్దానం నెరవేరినట్టే. కాని ఆ నాలుగేళ్లలోనే యుద్ధం కంబోడియాలోకి పాకింది, ఇరవై వేలకు పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు, వియత్నాం ప్రజలు అంతకు ఎన్నో రెట్లు చనిపోయారు. 1972 ఆగస్టులో శ్వేత సౌధంలో రికార్డైన ఒక సంభాషణ చాలా ఏళ్లకు బయటపడింది. దక్షిణ వియత్నాం ఎలాగూ బతికి బట్టకట్టకపోవచ్చునని నిక్సన్ అక్కడ తన జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్‌తో అన్నాడు. ఒకటి రెండేళ్లు అది నిలబడేలా ఏదో ఒక ఏర్పాటు చూడాలన్నది కిసింజర్ సమాధానం. బయట ప్రజలకు చెప్పింది మాత్రం గౌరవప్రదమైన శాంతి అని. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పతనమైంది. సైన్యాన్ని వెనక్కి పిలవడాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఏం వదులుకుని వస్తున్నామో తెలిసి కూడా దాన్ని తన ప్రజలకూ, తనను నమ్మిన మిత్ర దేశానికీ చెప్పకపోవడాన్ని తప్పుపడుతున్నాను. ఈ శీర్షికలోని మిగతా జవాబులన్నిటిలోనూ నేను పట్టుకుని చూసేది ఈ విషయాన్నే.

గెలిచాక అదే మనిషి మరికొందరిని పంపుతాడన్న మీ మాట ఒబామాకు సరిగ్గా వర్తిస్తుంది, కాని అది మాట తప్పడం కాదు. 2008లో ఆయన రెండు మాటలు చెప్పాడు: ఇరాక్ నుంచి పదహారు నెలల్లో పోరాట దళాలను రప్పిస్తానని ఒకటి, అఫ్ఘనిస్తాన్‌కు మరిన్ని దళాలను పంపుతానని మరొకటి. ఓటర్లలో చాలామంది మొదటిదే గుర్తుపెట్టుకున్నారు. 2009 డిసెంబరులో అఫ్ఘనిస్తాన్‌కు 30,000 మందిని అదనంగా పంపుతున్నట్టు ఆయన ప్రకటించినప్పుడు ఆశ్చర్యపోయినవారు రెండో మాట విననివారే. ఇరాక్ నుంచి చివరి వాహన శ్రేణి 2011 డిసెంబరు 18న కువైట్ సరిహద్దు దాటింది. ఆ గడువు కూడా ఒబామా పెట్టినది కాదు. 2008 చివరలో బుష్ ప్రభుత్వం ఇరాక్‌తో కుదుర్చుకున్న ఒప్పందంలోనే ఉంది. 2014 జూన్‌లో మోసుల్ నగరం ఐసిస్ చేతికి చిక్కాక అమెరికన్ సైనికులు మళ్లీ ఇరాక్‌లో అడుగుపెట్టారు.

ప్రశ్న: నేను 1988, 89లలో శ్రీలంకలోని జాఫ్నాలో పనిచేసిన మాజీ సైనికుణ్ణి. పంపేటప్పుడు శాంతి కోసం అన్నారు. వెనక్కి పిలిచేటప్పుడు ఎన్నికల్లో మాట ఇచ్చాం కనుక అన్నారు. మేము తిరిగి రావడం నిజంగా ఎన్నికల వాగ్దానం వల్లేనా? మేము వచ్చేశాక అక్కడ మమ్మల్ని నమ్ముకున్నవాళ్ల గతి ఏమైందని ఎవరూ రాయరు.
– చిత్తూరు

జవాబు: ఎన్నికల వాగ్దానం వల్లే అన్నది నిజమే. కాని ఆ వాగ్దానం మొదట జరిగింది ఢిల్లీలో కాదు, కొలంబోలో. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. శాంతి పరిరక్షక దళం పేరుతో మిమ్మల్ని పంపారు. ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న టైగర్ల (ఎల్‌టీటీఈ) చేత ఆయుధాలు దింపించడానికి వెళ్లిన దళం అక్టోబరు నాటికి వాళ్లతోనే యుద్ధానికి దిగవలసి వచ్చింది. ఆ నెల 11వ తేదీ రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు ముప్పై మందిలో ఒక్కరే ప్రాణాలతో మిగిలారు. శత్రువు ఎక్కడ ఎంతమంది ఉన్నాడో తెలియకుండా, వెనుక దళాలు చేరే దారి లేకుండా వాళ్లను అక్కడ దింపారు. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు; మన జిల్లాల్లో ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలకు తెలియాలని రాస్తున్నాను.

1988 డిసెంబరులో శ్రీలంక అధ్యక్ష ఎన్నిక జరిగింది. భారత సైన్యాన్ని పంపించేస్తానన్న హామీతో ప్రేమదాస గెలిచాడు. దక్షిణాన జేవీపీ అనే సింహళ వామపక్ష సంస్థ తిరుగుబాటు సాగుతున్న రోజులవి. భారత వ్యతిరేకత ఆ తిరుగుబాటుకు ఊపిరి పోస్తోంది కనుక ఆ ఊపిరి తీసేయాలన్నది ఆయన లెక్క. 1989 జూన్ 1న ఆయన బహిరంగ సభలోనే జూలై 29కల్లా వెళ్లిపోవాలని గడువు పెట్టాడు. రాజీవ్ ప్రభుత్వం ముందు ఒప్పుకోలేదు. సెప్టెంబరులో మాత్రం ఏడాది చివరికి ఉపసంహరణ ముగించేందుకు ప్రయత్నిస్తామని ఒప్పందం చేసుకుంది. అంతలో మన దేశంలో ఎన్నికలు వచ్చాయి. డిసెంబరు మొదట్లో వి.పి. సింగ్ ప్రధాని అయ్యాడు. ఆయన కన్వీనరుగా ఉన్న నేషనల్ ఫ్రంట్‌కు ఛైర్మన్ మన ఎన్.టి. రామారావే. మన రాష్ట్రంలో తెలుగుదేశం ఓడిపోయినా ఢిల్లీలో ఆ కూటమి అధికారంలోకి వచ్చింది. కొత్త ప్రభుత్వం మార్చి నెలాఖరు గడువు పెట్టి, దానికి వారం ముందే, 1990 మార్చి 24న, చివరి దళాన్ని ట్రింకోమలి నుంచి ఓడలో రప్పించింది. అంటే దారి రాజీవ్ హయాంలోనే పడింది, పూర్తి చేసింది వి.పి. సింగ్ ప్రభుత్వం. సుమారు 1,200 మంది జవాన్లు తిరిగి రాలేదు. వచ్చినవారికి స్వాగతం చెప్పడానికి మద్రాసు రేవుకు నాటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళులను చంపిన సైన్యానికి స్వాగతం ఎలా చెప్పనని ఆయన వాదన. ఆ యుద్ధంలో తమిళ పౌరులు అనుభవించిన బాధ నిజం. ఆజ్ఞ పాటించిన జవాను మీద ఆ కోపం చూపడం మాత్రం సరికాదని నా అభిప్రాయం. పంపినవాడిని అడగవలసిన ప్రశ్నను పోయి వచ్చినవాడి మీద రుద్దారు.

ఇక మీ ప్రశ్నలో రెండో భాగం. మన సైన్యం అండతో ఉత్తర, తూర్పు రాష్ట్రానికి ఎన్నికలు జరిగి, టైగర్లకు ప్రత్యర్థి అయిన తమిళ సంస్థ ఈపీఆర్ఎల్ఎఫ్ నాయకుడు వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ ప్రభుత్వాన్ని కాపాడటానికని తమిళ జాతీయ సైన్యం పేరుతో ఒక దళాన్ని హడావుడిగా తయారుచేశారు. ఆ దళంలోకి ఇష్టం లేని యువకులను కూడా బలవంతంగా లాక్కొచ్చారు. మన దళాలు ఒక్కొక్క జిల్లా ఖాళీ చేస్తున్నకొద్దీ టైగర్లు ఒక్కొక్క జిల్లాలో ఆ పిల్లలను తుడిచిపెట్టారు. ముఖ్యమంత్రి మార్చిలోనే భారతదేశానికి చేరుకున్నాడు. ఆ పిల్లలకు ఓడ ఎక్కే అవకాశం రాలేదు. జూన్‌లో టైగర్లకూ శ్రీలంక ప్రభుత్వానికీ మళ్లీ యుద్ధం మొదలైంది, తూర్పున లొంగిపోయిన వందలాది పోలీసులను కాల్చిచంపారు, అదే నెలలో ఈపీఆర్ఎల్ఎఫ్ నాయకుడు పద్మనాభను మద్రాసు నగరంలోనే చంపారు. మిమ్మల్ని తరిమేయడానికి టైగర్లకు ప్రేమదాస ప్రభుత్వమే ఆయుధాలు అందించిన సంగతి తరువాత బయటపడింది; 1993 మే డే నాడు ఆ టైగర్ల ఆత్మాహుతి దాడిలోనే ఆయన చనిపోయాడు. 1991 మేలో రాజీవ్ గాంధీ హత్య జరిగిన శ్రీపెరంబుదూరు చిత్తూరు నుంచి చెన్నైకి వెళ్లే దారిలోనే ఉంది కనుక, ఈ కథ మన ఊళ్లకు ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు.

మీరు తిరిగి రావడం సరైన నిర్ణయమే. అక్కడ మన సైన్యం సాధించగలిగేది ఏమీ మిగలలేదు. కాని వెళ్లేముందు ఆ పిల్లల చేతుల్లో తుపాకులు పెట్టి, వాళ్ల బాధ్యత ఎవరిదో చెప్పకుండా వచ్చేయడం మన దేశం చేసిన తప్పు. ఆ మాట మన పార్లమెంటులో ఎవరైనా చెప్పి ఉండవలసింది.

ప్రశ్న: వెళ్లిపోయే తేదీ ముందే చెబితే శత్రువు కాచుక్కూర్చుంటాడు. చెప్పకపోతే జనం నమ్మరు. ఏది సరి?
– గృహిణి, పలమనేరు

జవాబు: తేదీ చెప్పడం వల్ల వచ్చే నష్టం నిజమే. కాని అసలు తేడా తేదీలో లేదని రెండు ఉపసంహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. రెండూ అఫ్ఘనిస్తాన్‌లోనివే.

మొదటిది సోవియట్ యూనియన్‌ది. 1979 డిసెంబరులో వెళ్లిన సైన్యం గురించి 1986లో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ రక్తం కారుతున్న గాయం అని బహిరంగంగా అన్నాడు. 1988 ఏప్రిల్ 14న జెనీవా ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. మే 15న మొదలుపెట్టి 1989 ఫిబ్రవరి 15కల్లా ముగించాలన్న గడువును అందరికీ తెలిసేలా ప్రకటించారు. సరిగ్గా ఆ రోజునే జనరల్ గ్రొమోవ్ ఆము దరియా నది మీది వంతెన దాటి అవతలి ఒడ్డుకు నడిచివెళ్లాడు. శత్రువుకు పది నెలల ముందే తేదీ తెలుసు. అయినా సోవియట్ అండతో నడిచిన కాబూల్‌లోని నజీబుల్లా ప్రభుత్వం వెంటనే కూలిపోలేదు. మార్చిలో జలాలాబాద్ నగరం మీద ముజాహిదీన్లు అనే తిరుగుబాటుదారులు విరుచుకుపడితే అఫ్ఘన్ సైన్యం ఒంటరిగా నిలబడి తిప్పికొట్టింది. సైనికులు వెళ్లిపోయినా సోవియట్ ఇంధనం, ఆయుధాలు, గోధుమలు, డబ్బు వస్తూనే ఉండటం అందుకు కారణం. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ అంతరించి ఆ సాయం ఆగిపోయాక, 1992 ఏప్రిల్‌లో నజీబుల్లా పదవి కోల్పోయాడు.

రెండోది అమెరికాది. 2020 ఫిబ్రవరి 29న దోహాలో ట్రంప్ ప్రభుత్వం తాలిబన్లతో ఒప్పందం చేసుకుంది. కాబూల్ ప్రభుత్వాన్ని ఆ చర్చల్లో కూర్చోబెట్టనే లేదు. 2021 మే 1 గడువు అందులో ఉంది. అధికారంలోకి వచ్చిన బైడెన్ ఏప్రిల్ 14న దాన్ని సెప్టెంబరు 11కు జరిపి, తరువాత ఆగస్టు 31కి తెచ్చాడు. అప్పటికి అక్కడున్నది అధికారికంగా 2,500 మంది సైనికులే. వాళ్లతోపాటు కాంట్రాక్టు మెకానిక్కులు కూడా వెళ్లిపోవడం అఫ్ఘన్ సైన్యాన్ని బాగా దెబ్బతీసింది. ఆ దేశపు హెలికాప్టర్లను, విమానాలను బాగుచేస్తున్నది వాళ్లే. కొండల మధ్య చిన్న చిన్న శిబిరాల్లో ఉన్న అఫ్ఘన్ జవాన్లకు తిండి, మందుగుండు, గాయపడినవారికి ఆసుపత్రి, అన్నీ విమానాల మీదే ఆధారపడి ఉండేవి. వాటికి మరమ్మతు చేసే చేయి పోయాక శిబిరాలు ఒకటొకటిగా ఆశ వదులుకున్నాయి. ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి వచ్చింది. విమానాశ్రయం నుంచి లక్షా ఇరవై వేల మందికి పైగా బయటికి తెచ్చారు. అందుకోసం కొన్ని వేల మంది సైనికులను కొత్తగా పంపవలసి వచ్చింది. ఆగస్టు 26న విమానాశ్రయం ద్వారం దగ్గర జరిగిన బాంబు దాడిలో వాళ్లలో 13 మంది, సుమారు 170 మంది అఫ్ఘన్లు చనిపోయారు. ఏళ్ల తరబడి అమెరికన్ దళాలకు దుబాసీలుగా పనిచేసి, వీసా కాగితాల కోసం ఎదురుచూస్తున్నవాళ్లలో చాలామంది ఆ ద్వారం బయటే ఉండిపోయారు.

కనుక తేదీ చెప్పవచ్చు. తేదీతోపాటు, ఆ మర్నాడు జీతాలు ఎవరిస్తారు, విమానాలు ఎవరు బాగుచేస్తారు, మనకు పనిచేసినవాళ్లను ఎప్పటికి బయటికి తెస్తారు అన్నది కూడా చెప్పాలి. దుబాసీలను తేదీకి ఆరు నెలల ముందే తీసుకురావచ్చు. తరలింపు మొదలైతే ప్రభుత్వం పడిపోతుందన్న భయం సృష్టించినట్టవుతుందని వాయిదా వేశారు. పడిపోతుందని లోలోపల అనుకుంటున్నప్పుడు ఆ వాయిదాకు సమర్థన లేదని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: ఉపసంహరణ అయిపోయిందంటారు, మళ్లీ వార్తల్లో అక్కడి సైనికుల గురించి వింటాం. ఈ లెక్కలు ఎవరు వేస్తారు? చిన్న దేశాలైనా చెప్పినట్టు చేస్తాయా?
– ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

జవాబు: లెక్క వేసేది ఆ సైన్యమే కనుక ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్నదీ దాని చేతిలోనే ఉంటుంది. కొద్ది నెలల కోసం వచ్చి వెళ్లే దళాలను తాత్కాలికమని పక్కన పెట్టవచ్చు. 2017లో అఫ్ఘనిస్తాన్‌లో 8,400 మంది ఉన్నారని చెబుతూ వచ్చిన అమెరికా రక్షణ శాఖ పెంటగన్ ఆగస్టులో అసలు సంఖ్య సుమారు 11,000 అని ఒప్పుకుంది. సిరియా సంగతి ఇంకా విచిత్రం. 2018 డిసెంబరులో ట్రంప్ సైన్యాన్ని పూర్తిగా రప్పిస్తున్నట్టు ప్రకటించాడు. రక్షణ మంత్రి మాటిస్ రాజీనామా చేశాడు. అయినా కొన్ని వందల మంది మిగిలారు. చాలా కాలం 900 అని చెప్పిన సంఖ్య నిజానికి 2,000 దాకా ఉందని 2024 డిసెంబరులో పెంటగనే చెప్పింది. ట్రంప్ మొదటి హయాంలో సిరియా వ్యవహారాలు చూసిన దౌత్యవేత్త జేమ్స్ జెఫ్రీ, అక్కడ ఎంతమంది ఉన్నారో తమ నాయకత్వానికి స్పష్టంగా తెలియనివ్వలేదని పదవి నుంచి దిగుతూ ఒప్పుకున్నాడు. ప్రజలు ఎన్నుకున్నవాడి దగ్గరే లెక్క దాచడం ప్రజాస్వామ్యానికి ప్రమాదం. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ.

చిన్న సైన్యం పంపిన దేశాలకు మాట నిలబెట్టుకోవడం తేలిక. 2004 మార్చి ఎన్నికకు ముందే స్పెయిన్ సోషలిస్టు నాయకుడు జపతేరో ఇరాక్ నుంచి సైన్యాన్ని రప్పిస్తానన్నాడు. ఎన్నికకు మూడు రోజుల ముందు మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. ఆయన గెలిచి, ప్రమాణం చేసిన మర్నాడే ఉపసంహరణ ప్రకటించి, మే నెలాఖరుకు సుమారు 1,300 మందినీ రప్పించాడు. బాంబులకు లొంగాడని కొందరు నిందించారు. వాగ్దానం బాంబుల కంటే ముందుది కనుక ఆ నింద నిలవదు. ఆస్ట్రేలియాలో కెవిన్ రడ్ 2007లో చెప్పి 2008 జూన్‌లో చేశాడు. మన పొరుగున మాల్దీవుల్లో 2023లో గెలిచిన ముయిజ్జు, భారత సైనికులను పంపించేస్తానన్న మాటను 2024 మే 10కల్లా నెరవేర్చాడు. తొంభై మంది లోపు ఉన్న ఆ సిబ్బంది నడుపుతున్న రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం మాత్రం అక్కడే ఉన్నాయి. వాటిని ఇప్పుడు భారతీయ పౌర సాంకేతిక సిబ్బంది చూసుకుంటున్నారు. దీవుల నుంచి రోగులను ఆసుపత్రికి చేర్చే పని ఆగకూడదు కనుక ఇది ఇరుపక్షాలకూ తెలివైన ఏర్పాటే.

ప్రశ్న: విదేశానికి సైన్యం పంపాలన్నా, రప్పించాలన్నా మన పార్లమెంటు అనుమతి కావాలా?
– పుంగనూరు

జవాబు: అక్కరలేదు. కేంద్ర మంత్రివర్గం నిర్ణయిస్తే చాలు. అమెరికాలో కాంగ్రెస్‌కు 1973 నాటి యుద్ధాధికారాల చట్టం ఉంది, నిధులు ఆపే అధికారం ఉంది. ఆ ఏడాది ఆగస్టు 15 తరువాత వియత్నాం, కంబోడియా, లావోస్‌లలో అమెరికా యుద్ధ చర్యలకు నిధులు నిలిపివేస్తూ కాంగ్రెస్ చట్టం చేసింది. మనకు అలాంటి చట్టం లేకపోయినా పార్లమెంటు గొంతు పనిచేసిన సందర్భం ఉంది. 2003లో ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యం పంపమని అమెరికా అడిగింది. అప్పటికే ఏప్రిల్‌లో లోక్‌సభ ఆ యుద్ధాన్ని నిందిస్తూ తీర్మానం చేసి ఉంది. ఐక్యరాజ్య సమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపలేమని వాజపేయి ప్రభుత్వం జూలై 14న చెప్పేసింది. పంపి ఉంటే, 2004 ఎన్నికల్లో మన నాయకులు కూడా సైన్యాన్ని రప్పిస్తామని ఊరూరా చెప్పుకోవలసి వచ్చేది.

మాట ప్రకారం తొందరగా వచ్చేసిన సందర్భం కూడా మనకు ఉంది. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ముజీబుర్ రహమాన్ కోరిన మేరకు ఇందిరా గాంధీ 1972 మార్చిలోనే మన దళాలను రప్పించింది. పని ఏమిటో ముందే స్పష్టంగా తెలియడం, అది పూర్తికావడం, అక్కడ ప్రజలు ఒప్పుకున్న ప్రభుత్వం ఉండటం, ఈ మూడూ అప్పుడు కలిసివచ్చాయి. శ్రీలంకలో వీటిలో ఒక్కటీ లేదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో చదువుకుని అక్కడి సైన్యంలో చేరాడు. ఇప్పుడు పశ్చిమాసియాలో ఉన్నాడు. సైనికులను తెస్తామని టీవీలో చెప్పిన ప్రతిసారీ ఆశపడతాను. ఆశపడవచ్చా?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: అమ్మా, ఆ ప్రకటనల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అవి ఎంతమంది అన్నది చెబుతాయి గాని ఏ దళం అన్నది చెప్పవు. ఒక దళం వెళ్లి మరొకటి వచ్చినా మొత్తం సంఖ్య మారదు. సంఖ్య తగ్గిస్తామన్నా మీ అబ్బాయి దళం అందులో ఉండకపోవచ్చు. అమెరికా పదాతి దళాలను సాధారణంగా తొమ్మిది నెలల చొప్పున పంపుతారు. ఆయన తిరిగి రావడం ఆ వంతు మీద, దళానికి వచ్చే ఉత్తర్వు మీద ఆధారపడి ఉంటుంది. నాయకుడి ప్రసంగం విన్న రాత్రి నిద్ర మానుకోవడం కంటే, ఆయన వంతు ఏ నెలతో ముగుస్తుందో, చెప్పగలిగినంతవరకు, ఆయననే అడగండి. ఖచ్చితమైన తేదీ, ఉన్న చోటు చెప్పడానికి వాళ్లకు నిబంధనలు అడ్డొస్తాయి. దాన్ని దాపరికం అనుకోవద్దు.

ఒక పని మాత్రం ఇప్పుడే చేయించండి. ప్రతి సైనికుడూ తనకేమైనా అయితే ఎవరికి తెలియజేయాలో ఒక అత్యవసర వివరాల పత్రంలో రాసి ఇస్తాడు. పెళ్లికి ముందు నింపినదో, పాత ఇంటి చిరునామాతో నింపినదో అందులో ఉండిపోవడం మామూలే. మీ ప్రస్తుత చిరునామా, పనిచేస్తున్న ఫోను నంబరు, ఇంగ్లీషు మాట్లాడగలిగిన బంధువు ఒకరి నంబరు అందులో ఉండేలా చూడమనండి. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఆ కబురును నిర్ధారించుకుని దళాధికారికి చేర్చే సేవ అమెరికన్ రెడ్‌క్రాస్‌లో ఉంది. సెలవు ఇవ్వాలా వద్దా అన్నది అధికారి ఆ సందేశాన్ని చూసి నిర్ణయిస్తాడు. అందుకు ఆయన పూర్తి పేరు, పుట్టిన తేదీ, హోదా, దళం పేరు అడుగుతారు కనుక ఆ వివరాలను ఆయన చేతనే ఒక కాగితం మీద రాయించుకుని ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి.